చంటిపిల్లల సీటు ఎందుకు వెనక్కి తిరిగింది?

న్యూజెర్సీలో మా ఊరి ఫైర్ స్టేషన్ ఆవరణలో అప్పుడప్పుడూ పిల్లల కారు సీట్లు సరిచూసే శిబిరం పెడతారు. శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ పొందిన టెక్నీషియన్లం కొందరం అక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తాం. తెలుగు కుటుంబం ఏదైనా వస్తే వాళ్ళను నా దగ్గరికే పంపుతారు. కారులోంచి ముందు తండ్రి దిగుతాడు, తర్వాత తల్లి. వాళ్ళ వెనకే, కూతురి పురిటికి తెనాలి నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన అమ్మమ్మ దిగుతుంది. బెల్టు ఎలా బిగించాలి, సీటు కదలకుండా ఎలా కట్టాలి అన్న మాటలు అయ్యాక అసలు ప్రశ్న బయటికి వస్తుంది. ఎక్కువసార్లు అడిగేది అమ్మమ్మే. "ఏడాది నిండుతోంది కదమ్మా, ఇంక పెద్ద సీటులోకి మార్చి ముందుకు తిప్పేయొచ్చా? పాపం, ఎంతసేపని ఆ వెనక అద్దంకేసి చూస్తూ కూర్చుంటాడు?"

ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. పెద్ద సీటుకు మార్చడం ఒకటి, ముందుకు తిప్పడం ఇంకొకటి. చేత్తో మోసుకెళ్ళే బుట్టలాంటి చంటిపిల్లల సీటు చాలకపోతే దానికంటే పెద్దదైన కన్వర్టిబుల్ సీటుకు మారతాం. ఆ పెద్ద సీటులోనూ బిడ్డ వెనక్కి తిరిగే కూర్చోవచ్చు, కూర్చోవాలి కూడా. ముందుకు తిప్పడం ఆ తర్వాత ఎప్పుడో వచ్చే మార్పు. ఈ రెంటినీ ఒకే రోజు, అదీ మొదటి పుట్టినరోజు నాడే చేసెయ్యాలన్న అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే ఈ సీటు చరిత్రలోకి వెళ్ళాలి.

అమ్మమ్మ అడిగిన ప్రశ్నకు మా ఇంట్లోనే మూడు జవాబులున్నాయి. మా పెద్దమ్మాయి 2001లో పుట్టింది. ఏడాది నిండి ఇరవై పౌండ్ల బరువు దాటగానే, ఆనాటి డాక్టరమ్మ మాట ప్రకారం, దాని సీటు ముందుకు తిప్పాం. 2010లో పుట్టిన మా అబ్బాయి రెండేళ్ళు దాటేదాకా వెనక్కి తిరిగే ఉన్నాడు. డాలస్‌లో పెరుగుతున్న మా అక్క మనవడికి మూడేళ్ళు దాటాయి, ఇంకా సీటు తిప్పలేదు. మూడూ ఆయా కాలాల్లో సరైన సలహాలే. ఇరవై పాతికేళ్ళలో ఒక సలహా ఇంతగా మారిందంటే దాని వెనక ఎందరి శ్రమో ఉండి తీరాలి. ఆ శ్రమ కథ మన తెలుగు ఇళ్ళలో తెలియాలన్నదే నా ఆశ.

మొదట్లో కారులో పిల్లల సీటుకూ రక్షణకూ సంబంధమే లేదు. 1930లలో అమెరికాలో అమ్మిన సీట్లు రెండు పనుల కోసం తయారయ్యాయి. బిడ్డ కారంతా పాకకుండా ఒకచోట ఉండాలి, కిటికీలోంచి బయటికి కనబడేంత ఎత్తులో కూర్చోవాలి. బన్నీ బేర్ అనే కంపెనీ అలాంటివి అమ్మేది. తర్వాతి రెండు దశాబ్దాల్లో వచ్చినవాటిలో చాలావరకు ఇనుప గొట్టాల చట్రానికి కాన్వాసు గుడ్డ తొడిగినవి. పైన రెండు కొక్కేలుండేవి, వాటిని ముందు సీటు వీపుకి తగిలిస్తే చాలు. బిడ్డ ఎదురుగా ఆడుకోవడానికి చిన్న స్టీరింగ్ చక్రం, కొన్నింటికి హారన్ కూడా ఉండేవి. బ్రేకు గట్టిగా వేస్తే కొక్కేలతో సహా సీటు ఎగిరి ముందుకు పడుతుంది. పెద్దవాళ్ళకే బెల్టులు లేని రోజులవి కాబట్టి అది ఎవరికీ వింతగా తోచలేదు.

1962లో అట్లాంటిక్‌కు రెండు ఒడ్డులా ఇద్దరు ఈ ఆలోచనను మార్చారు. బ్రిటన్‌లో జీన్ ఏమ్స్ అనే ఆవిడ, ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో భుజాల మీదుగా దిగే పట్టీలున్న సీటు రూపొందించింది. అమెరికాలో డెన్వర్‌కు చెందిన లెనార్డ్ రివ్‌కిన్ లోహపు చట్రంతో, పట్టీలతో మరో సీటు తయారుచేశాడు. పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టడం కోసం కాక, గుద్దుకున్నప్పుడు కాపాడడం కోసం సీటు అన్న ఆలోచన వీళ్ళతో మొదలైంది. అయితే పెద్ద పిల్లలకు పనికొచ్చే ఆలోచన చంటిబిడ్డకు చాలదని తేల్చింది మాత్రం స్వీడన్.

స్వీడన్‌లో అప్పటికే నేల సిద్ధంగా ఉంది. ఓల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్, అంతకుముందు సాబ్ కంపెనీలో యుద్ధవిమానాల ఎజెక్షన్ సీట్ల మీద పనిచేసినవాడు, 1959లో మూడు చోట్ల బిగిసే సీటు బెల్టు తెచ్చాడు. ఇవాళ మనం పెట్టుకునే బెల్టు అదే. ఆ పేటెంటును ఓల్వో ఇతర కంపెనీలన్నీ వాడుకునేలా వదిలేసింది. అదే దేశంలో డాక్టరు, పరిశోధకుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ పిల్లల సంగతి పట్టించుకున్నాడు. తర్వాతి కాలంలో ఆయన గోథెన్‌బర్గ్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యాడు. అంతరిక్షానికి వెళ్ళే వ్యోమగాముల సీట్లు చూసి ఆయనకు ఆలోచన తట్టిందంటారు. రాకెట్ పైకి లేచేటప్పుడు వచ్చే విపరీతమైన తోపుడును వ్యోమగామి వెల్లకిలా పడుకుని, వీపంతటితోనూ భరిస్తాడు. ఏ ఒక్క అవయవం మీదా భారం పడదు. కారు ఎదురుగా దేన్నైనా గుద్దుకున్నప్పుడు బిడ్డ వీపు కారు ముందువైపుకి ఉంటే, అదే మేలు బిడ్డకూ దక్కుతుంది కదా అని ఆల్డ్‌మన్ అనుకున్నాడు. 1964లో ఆ నమూనా సీటును ఓల్వో కారులో పెట్టి పరీక్షించారు.

ఆ తర్కం ఎంత గట్టిదో కొంచెం దగ్గరగా చూద్దాం. గంటకు 48 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడను గుద్దుకుంటే, అది ఆగడానికి పట్టే కాలం సెకనులో పదో వంతు. కారు ఆగినా లోపలివాళ్ళ ఒళ్ళు అదే వేగంతో ముందుకు పోతుంది. ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డకు పట్టీలు భుజాలనూ తుంటినీ పట్టి ఆపుతాయి. తలను మాత్రం ఏదీ ఆపదు, మెడ ఒక్కటే దాన్ని వెనక్కి లాగి పట్టుకోవాలి. పుట్టిన బిడ్డ ఒంటి పొడవులో తలే నాలుగో వంతు ఉంటుంది. పెద్దవాళ్ళలో అది ఏడో ఎనిమిదో వంతు. పైగా పసివాళ్ళ మెడపూస ఒక్కొక్కటీ ఒకే ఎముక కాదు. మృదులాస్థి అతుకులతో కలిసిన ముక్కలవి. ఆ అతుకులు గట్టిపడి ఎముకగా కలిసిపోవడానికి మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పడుతుంది. అంత పెద్ద తలను అంత లేత మెడ ఆపాల్సి వచ్చినప్పుడు పూసలు సాగుతాయి. లోపలి వెన్నుపాము అంత సాగదు. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు గుల్లలోకి ఒత్తుకుంటాయి. మెడ మెలిక పడదు, సాగదు.

దీన్ని నమ్మిన స్వీడన్ వెనుదిరిగి చూడలేదు. 1967లో ఓల్వో, ముందు ప్రయాణికుడి సీటును వెనక్కి తిప్పి పిల్లల్ని కూర్చోబెట్టే ఏర్పాటు అమ్మింది. 1972లో విడిగా వెనక్కి తిరిగే సీటు తెచ్చింది. 1970ల చివరికి, పెద్ద పిల్లల ఎత్తు పెంచి కారు బెల్టు సరిగ్గా భుజం మీద పడేలా చేసే బూస్టర్ కుషన్ కూడా తెచ్చింది. స్వీడన్ తల్లిదండ్రులకు నాలుగేళ్ళ దాకా పిల్లలు వెనక్కి తిరిగే కూర్చోవడం మామూలు సంగతి అయిపోయింది. అక్కడి సీట్లకు ప్లస్ టెస్ట్ అని ఒక ప్రత్యేక పరీక్ష ఉంది. గుద్దుకున్నప్పుడు బిడ్డ మెడ మీద పడే లాగుడు ఎంతో అది కొలుస్తుంది.

అమెరికా దారి వేరు. ఫోర్డ్ కంపెనీ 1968లో టాట్-గార్డ్ అని తెచ్చింది. బిడ్డ ఒడి మీదుగా పెద్ద ప్లాస్టిక్ దిమ్మలాంటిది అడ్డం ఉంటుంది, గుద్దుకుంటే బిడ్డ ఆ మెత్త మీదికి వాలుతుంది. మరుసటి ఏడాదే జనరల్ మోటార్స్ లవ్ సీట్ పేరుతో చంటిపిల్లలకు వెనక్కి తిరిగి ఉండే సీటు అమ్మకానికి పెట్టింది. 1971లో కేంద్ర ప్రభుత్వం 213 నంబరు ప్రమాణం అమల్లోకి తెచ్చింది. సీటును కారు బెల్టుతో కట్టాలి, బిడ్డను పట్టీలతో కట్టాలి అన్నంతవరకే ఆ ప్రమాణం. గుద్ది చూసే పరీక్ష అందులో లేదు. నిజంగా బొమ్మను కూర్చోబెట్టి, గంటకు 30 మైళ్ళ వేగంతో గుద్దించి చూశాకే సీటు అమ్మాలన్న నియమం 1981 జనవరి నుంచి గానీ రాలేదు. ఆ పదేళ్ళూ దుకాణంలో మంచి సీటు, ఉత్త సీటు పక్కపక్కనే అమ్ముడుపోయాయి.

మంచి సీటున్నా జనం వాడాలి కదా. ఆ భారం నెత్తికెత్తుకున్నది పిల్లల డాక్టర్లు. మా న్యూజెర్సీకే చెందిన పిల్లల వైద్యుడు సేమూర్ చార్ల్స్ 1965లో వాహన భద్రత కోసం వైద్యుల సంఘం పెట్టాడు. ఆయన, ఆనమరీ షెల్‌నెస్ కలిసి 1975లో పీడియాట్రిక్స్ పత్రికలో రాసిన వ్యాసం, కార్లలో పిల్లల్ని ఎవరూ పట్టించుకోవడం లేదని గట్టిగా చెప్పింది. అయినా చట్టం చేసే ధైర్యం ఏ రాష్ట్రానికీ లేదు. బిడ్డను ఎలా కూర్చోబెట్టుకోవాలో తల్లికి ప్రభుత్వం చెప్పడమేంటి అన్నది ఆనాటి వాదన.

ఆ వాదనను ఎదిరించినవాడు టెనసీ రాష్ట్రంలో మర్‌ఫ్రీస్‌బరో అనే చిన్న ఊళ్ళో ఉండే రాబర్ట్ సాండర్స్. పిల్లల వైద్యుడు, రదర్‌ఫర్డ్ కౌంటీ ఆరోగ్య శాఖ అధికారి. భార్య పాట్‌తో కలిసి శాసనసభ్యుల చుట్టూ తిరిగాడు, ఫోన్లు చేశాడు, చేయించాడు. మొదటి ప్రయత్నం నెగ్గలేదు. 1977లో రెండోసారి నెగ్గింది. నాలుగేళ్ళలోపు పిల్లల్ని కారు సీటులోనే కూర్చోబెట్టాలన్న చట్టం 1978 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఎన్నో దేశాలు ఇవాళ పాటిస్తున్న ఆచారానికి అమెరికాలో తొలి చట్టం అదే. సాండర్స్‌కు జనం డాక్టర్ సీట్ బెల్ట్ అని పేరు పెట్టుకున్నారు.

ఆ చట్టంలో ఒక కంత ఉంది. పెద్దవాళ్ళు బిడ్డను ఒళ్ళో పట్టుకుని కూర్చుంటే సీటు అక్కర్లేదని సభలో ఒక సవరణ చేర్చారు. ఆ సవరణే లేకపోతే చట్టం గట్టెక్కేది కాదేమో. దాన్ని వ్యతిరేకించినవాళ్ళు బిడ్డను నలిపేసే సవరణ అని పిలిచారు. ఎందుకో లెక్క చూడండి. గుద్దుకున్న క్షణంలో ఒంటి మీద పడే తాకిడి ఒంటి బరువుకు పాతిక ముప్ఫై రెట్లు ఉంటుంది. ఏడు కిలోల బిడ్డను ఆ క్షణంలో పట్టి ఉంచాలంటే దాదాపు రెండు వందల కిలోల బరువు పట్టి ఆపే బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అంత బలం లేదు. బెల్టు పెట్టుకోని తల్లి అయితే తన బరువుతో సహా బిడ్డ మీద పడుతుంది, బిడ్డ ఆమెకూ డాష్‌బోర్డుకూ మధ్య నలుగుతుంది. సాండర్స్ ఊరుకోలేదు. 1981లో ఆ ఒడి సవరణను రద్దు చేయించాడు. 1985 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఈ చట్టం వచ్చింది.

ఫైర్ స్టేషన్ దగ్గర నేను ఎక్కువగా చెప్పేది ఈ టెనసీ కథే. "పాతికేళ్ళుగా నా ఒళ్ళో ఎంతమంది పిల్లలు పెరగలేదూ, పడేస్తానా ఏంటి?" అని అమ్మమ్మలు అడుగుతారు. "పిన్నిగారూ, మీ ప్రేమలో లోటు లేదు. లోటంతా మన చేతుల బలంలోనే" అంటాను. యాభై ఏళ్ళ కిందట అమెరికన్ శాసనసభలో పెద్దలు ఇదే మాట అన్నారనీ, నాలుగేళ్ళలోనే దాన్ని వదులుకున్నారనీ చెబితే చాలామంది ఒప్పుకుంటారు. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మన దేశపు వెనకబాటు అని ఎవరో తమను చిన్నబుచ్చుతున్నారన్న బాధ అప్పుడు పోతుంది.

ఇక ఏడాది లెక్కకు వద్దాం. 1980లలో చంటిపిల్లల సీట్లు దాదాపు ఇరవై పౌండ్ల బరువు దాకే, అంటే తొమ్మిది కిలోల దాకే పనికొచ్చేవి. చాలామంది పిల్లలు ఏడాది చివరికో కొంచెం ముందో ఆ బరువుకొస్తారు. సీటు చాలకపోతే పెద్దది కొంటారు, కొన్నాక ముందుకు తిప్పేస్తారు. అలా సీటు తయారీలోని ఒక పరిమితి మెల్లగా బిడ్డ వయసు నియమంగా మారిపోయింది. ఏడాది వయసు, ఇరవై పౌండ్ల బరువు అన్న రెండూ కలిపి డాక్టర్లు చెప్పేవారు. 2002లో అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ తన సలహాలో ఈ రెంటినీ కనీస హద్దుగానే పెట్టింది. అంతకంటే ముందు తిప్పొద్దు, వీలైతే పెద్ద సీటులో ఇంకా కొంతకాలం వెనక్కే ఉంచండి అన్నది దాని ఉద్దేశం. ఇళ్ళల్లో మాత్రం కనీస హద్దే గడువు అయి కూర్చుంది. మన తెలుగు ఇళ్ళల్లో మొదటి పుట్టినరోజు పెద్ద పండుగ కాబట్టి, కేకు కోసిన మర్నాడు సీటు తిప్పడం ఒక వేడుకగానే సాగింది. అన్నప్రాశనకు ముహూర్తం పెట్టుకున్నట్టు దీనికీ ఒక తేదీ ఉంటుందని అందరం అనుకున్నాం.

అదే కాలంలో మరో రెండు సంగతులు సీటు జాగాను మార్చేశాయి. 1990లలో కార్లకు ముందు ప్రయాణికుడి వైపు కూడా ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. పెద్దవాళ్ళ ప్రాణం కాపాడే ఆ బ్యాగు కన్ను మూసి తెరిచేలోగా గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో ఉబ్బుతుంది. ముందు సీటులో వెనక్కి తిప్పి కట్టిన చంటిపిల్లల సీటు వీపు సరిగ్గా దాని ఎదురుగా ఉంటుంది. చిన్న ప్రమాదాల్లోనే పసిపిల్లలు చనిపోయారు. అప్పటినుంచి పిల్లల చోటు వెనక సీటే అని గట్టిగా స్థిరపడింది. రెండోది కారు బెల్టుతో సీటు కట్టడంలో ఉన్న చిక్కు. ఎంత బిగించినా కదిలేది. అందుకే కారు సీటు మడతలోనే ఇనుప కడ్డీలు అమర్చి, పిల్లల సీటును వాటికి తగిలించే పద్ధతి తెచ్చారు. అమెరికాలో లాచ్ అంటారు, మన దేశంలోనూ ఐరోపాలోనూ ఐసోఫిక్స్ అంటారు. 2002 సెప్టెంబరు నుంచి అమెరికాలో కొత్త కార్లన్నింటికీ అది తప్పనిసరి అయింది.

2007లో ఇంజురీ ప్రివెన్షన్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. రెండేళ్ళలోపు పిల్లలకు వెనక్కి తిరిగిన సీటు చాలా రెట్లు మేలని అమెరికా ప్రమాదాల లెక్కలతో అది చెప్పింది. దాన్ని కూడా ఆధారంగా తీసుకుని 2011లో పిల్లల వైద్యుల అకాడమీ సలహా మార్చింది. రెండేళ్ళ దాకా, లేదా సీటు పరిమితి వచ్చేదాకా వెనక్కే ఉంచమంది. మా అబ్బాయికి అప్పటికింకా ఏడాది నిండలేదు. కన్వర్టిబుల్ సీటు కొన్నాం గానీ తిప్పలేదు. మా రాష్ట్రం 2015లో దాన్ని చట్టంగానే చేసింది. రెండేళ్ళలోపు, ముప్ఫై పౌండ్లలోపు పిల్లలు వెనక్కి తిరిగే కూర్చోవాలి. కాలిఫోర్నియాలో 2017 నుంచి ఇలాంటి నియమమే అమల్లో ఉంది.

తర్వాత జరిగినది నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఆ 2007 పరిశోధనలోని లెక్కల్ని వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూస్తే సరిపోలేదు. పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. కొత్తగా చేసిన లెక్కలో, రెండేళ్ళలోపు పిల్లలు ఏ వైపు తిరిగి కూర్చున్నా తీవ్రంగా గాయపడినవాళ్ళు చాలా తక్కువ అని తేలింది. అంత తక్కువ సంఖ్యలతో ఈ వైపు ఇన్ని రెట్లు మేలని తేల్చి చెప్పడం కుదరదు. అకాడమీ దాన్ని దాచిపెట్టలేదు. 2018లో సలహా మళ్ళీ రాసింది. రెండేళ్ళన్న అంకెను తీసేసింది. అయితే తిరిగి ఏడాదికి రమ్మనలేదు. స్వీడన్ అనుభవమూ, మెడ ఎముకల శాస్త్రమూ చెప్పేది మారలేదు కాబట్టి, సీటు అనుమతించినంత కాలం వెనక్కే ఉంచమంది. ఒక లెక్క తప్పని తేలితే దాన్ని బహిరంగంగా తీసేసి, నిలబడే ఆధారాల మీద సలహా నిలబెట్టడం నాకు శాస్త్రం మీద నమ్మకం పెంచింది. ఐరోపాలో 2013 నుంచి అమల్లో ఉన్న ఐ-సైజ్ ప్రమాణం కనీసం పదిహేను నెలల దాకా వెనక్కే అంటుంది. దేశానికో అంకె ఉన్నా అన్నీ కదులుతున్నది ఒకే వైపు.

అందుచేత ఇవాళ నేను అమ్మమ్మలకు తేదీ చెప్పను. బిడ్డనూ, సీటు పక్కన అంటించిన కాగితాన్నీ చూపిస్తాను. చంటిపిల్లల బుట్ట సీటు ఎంత బరువు దాకా, ఎంత ఎత్తు దాకా అన్నది ఆ కాగితం మీదే ఉంటుంది. ఇప్పటివి చాలావరకు ముప్ఫై, ముప్ఫై అయిదు పౌండ్ల దాకా అంటాయి. బరువు కంటే ముందు సాధారణంగా ఎత్తు మించిపోతుంది. బిడ్డ నడినెత్తికీ సీటు గుల్ల పై అంచుకూ మధ్య అంగుళం ఖాళీ ఉండాలి. అరచేతిని అంచు మీద చదునుగా ఆనించి, కిందికి అంగుళం ఉందా లేదా అని వేళ్ళతో చూస్తాను. అంగుళం లేదంటే పెద్ద సీటు కొనాల్సిన రోజు వచ్చిందన్నమాట, ఆ బిడ్డకు తొమ్మిది నెలలే అయినా సరే. పెద్ద సీటులోనూ బిడ్డ ముఖం వెనక్కే.

తర్వాత పట్టీలు చూస్తాను. వెనక్కి తిరిగిన బిడ్డకు పట్టీలు భుజానికి సమంగా గానీ కొంచెం కిందనుంచి గానీ రావాలి, ముందుకు తిరిగిన బిడ్డకు భుజానికి సమంగానో కొంచెం పైనుంచో రావాలి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూస్తే మడత దొరక్కూడదు. ఛాతీ క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి. న్యూజెర్సీ చలికి బిడ్డకు తొడిగే దళసరి కోటు మీద పట్టీలు బిగిస్తే, బిగిసినట్టే కనిపిస్తాయి గానీ గుద్దుకున్నప్పుడు కోటు నలిగి పట్టీ వదులైపోతుంది. కోటు విప్పి కట్టి, పైన దుప్పటి కప్పమంటాను. "కాళ్ళు ముడుచుకుపోతున్నాయి, నొప్పెట్టదూ?" అని తప్పకుండా ఎవరో అడుగుతారు. పిల్లలు బాసింపట్టు వేసుకుని హాయిగా కూర్చుంటారు. ఒకవేళ కాలు విరిగినా అతుకుతుంది, మెడలో వెన్నుపాము తెగితే అతకదు.

పెద్ద సీటులో వెనక్కి తిరిగి కూర్చునే పరిమితి కూడా దాటాక ముందుకు తిప్పి పట్టీలతో, అది కూడా దాటాక బూస్టర్, నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు వచ్చాక మామూలు బెల్టు. ప్రతి మెట్టు దిగినప్పుడూ రక్షణ కొంత తగ్గుతుంది కాబట్టి తొందరపడి దిగొద్దు. మన వాట్సాప్ గ్రూపుల్లో పాత సీట్లు చేతులు మారుతుంటాయి. ప్లాస్టిక్‌కు గడువు తేదీ ఉంటుంది, సీటు అడుగున అచ్చు వేసి ఉంటుంది, అది చూడండి. ఒకసారి ప్రమాదంలో పడిన సీటును, చరిత్ర తెలియని సీటును తీసుకోవద్దు.

మన దేశానికి వస్తే, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 194బి సెక్షన్ ఉంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టో పిల్లల సీటో లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. ద్విచక్ర వాహనాల మీద నాలుగేళ్ళలోపు పిల్లలకు పట్టీలు, హెల్మెట్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో నియమాలు వచ్చాయి. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో కారుకు పిల్లల రక్షణకు విడిగా నక్షత్రాలిస్తున్నారు. కొత్త కార్లలో చాలావాటికి వెనక సీటులో ఐసోఫిక్స్ కడ్డీలున్నాయి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నేను చూసినంతలో, హైదరాబాద్‌లో ఎన్నో కార్లలో ఆ కడ్డీలు కవరు కిందనే ఉంటున్నాయి, బిడ్డ ముందు సీటులో నాన్న పక్కన అమ్మ ఒళ్ళో ఉంటున్నాడు. గంటకు 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా.

టెనసీ ఒడి సవరణ నుంచి బయటపడడానికి నాలుగేళ్ళు పట్టింది, అమెరికా మొత్తం చట్టం చేయడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఒక చిన్న ఊరి పిల్లల డాక్టరు పట్టుదల అంత పని చేసింది. మన దగ్గర చట్టం ఇప్పటికే ఉంది, సీట్లు బజారులో దొరుకుతున్నాయి, కార్లలో కడ్డీలున్నాయి. లేనిది అలవాటే. అలవాటు చేసే శక్తి పిల్లల డాక్టర్లకుంది, కాన్పు అయ్యాక ఇంటికి పంపే ఆసుపత్రులకుంది. అందరికంటే ఎక్కువ శక్తి మన అమ్మమ్మలకూ నాయనమ్మలకూ ఉంది. ఇంట్లో వాళ్ళ మాట చెల్లుతుంది. బారసాలకు వెండి గిన్నె కొనే తాతయ్యలను నేను కోరేది ఒక్కటే. ఆ గిన్నెతో పాటు బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే రోజుకే సీటు కొనిపెట్టండి. కొన్నాక వెనక్కి తిప్పి కట్టించండి. బిడ్డ బరువు పరిమితి దాటినప్పుడో, ఎత్తు పెరిగి అంగుళం ఖాళీ మిగలనప్పుడో మాత్రమే పెద్దది కొనండి. పుట్టినరోజు వచ్చిందని మాత్రం సీటు తిప్పకండి.